పాఠం 9: శరీరంలో కరిగిపోయే శస్త్రచికిత్స క్లిప్పులు – బలానికీ భద్రతకూ మధ్య సమతుల్యం

9.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• శస్త్రచికిత్సలో క్లిప్పు చేసే పనిని, అది ఎంతకాలం చేయాలో వివరించగలుగుతారు.
• 'పట్టు కాలం', 'కరిగే కాలం' మధ్య తేడాను చెప్పగలుగుతారు.
• పాలిమర్లు, మెగ్నీషియం, జింక్, ఇనుము మిశ్రమలోహాలను పోల్చగలుగుతారు.
• ఒక చిన్న క్లిప్పుకు అనుమతించదగిన క్షయ వేగాన్ని స్వయంగా లెక్కగట్టగలుగుతారు.

9.1 విషయ పరిచయం

హైదరాబాద్ పాతబస్తీలోని లాల్‌దర్వాజా గల్లీల్లో ఎక్కడో ఒకచోట పాత ఇంటిపైన కొత్త అంతస్తు లేస్తూనే ఉంటుంది. స్లాబు పోసిన తర్వాత దాని కింద నిలబెట్టిన సెంట్రింగ్ కర్రలను మీరు చూసే ఉంటారు. కాంక్రీటు గట్టిపడేదాకా స్లాబు బరువు మోసేది అవే. తొందరపడి ముందే విప్పితే స్లాబు కూలుతుంది. నెలల తరబడి అలాగే వదిలేస్తే ఆ గది ఎవరికీ పనికిరాదు. అందుకే మేస్త్రీ కర్ర ఎంత గట్టిదో చూసి ఊరుకోడు, ఎన్ని రోజులు ఉండాలో కూడా లెక్క చూసుకుంటాడు.

శస్త్రచికిత్సలో రక్తనాళాన్నో, పైత్యరస నాళాన్నో మూసే క్లిప్పు కూడా ఇలాంటి తాత్కాలిక ఆధారమే. తెగిన నాళం మానేవరకే దాని అవసరం. అయితే ఒక తేడా ఉంది. సెంట్రింగ్‌ను విప్పడానికి మనిషి వస్తాడు. క్లిప్పును తీయడానికి మళ్లీ పొట్ట కోయలేం. అది తనంతట తానే పోవాలి. అంటే ఎప్పుడు విప్పాలన్న నిర్ణయాన్ని పదార్థంలోనే ముందుగా ఇమిడ్చి పెట్టాలి. ఈ పాఠమంతా ఆ నిర్ణయం గురించే.

9.2 క్లిప్పు చేసే పని

పిత్తాశయంలో రాళ్లు ఏర్పడినప్పుడు చేసే శస్త్రచికిత్సను ఉదాహరణగా తీసుకుందాం. 1985లో జర్మనీలో ఎరిక్ మ్యూ లాప్రోస్కోపీ పద్ధతిలో పిత్తాశయాన్ని తొలగించారు. మన దేశంలో 1990లో ముంబయిలోని జె.జె. ఆసుపత్రిలో డాక్టర్ టెహెమ్టన్ ఉద్వాడియా ఈ శస్త్రచికిత్స చేశారు. ఈ పద్ధతిలో చిన్న రంధ్రాల గుండా పరికరాలను లోపలికి పంపుతారు. అంత ఇరుకులో దారంతో ముడి వేయడం కష్టం. అందువల్ల పిత్తాశయ నాళాన్ని, దానికి రక్తం తెచ్చే ధమనిని క్లిప్పులతో నొక్కి మూసి, ఆ తర్వాత కత్తిరిస్తారు.

ఈ క్లిప్పుల్లో ఎక్కువగా వాడేది టైటానియం. అది శరీరంలో తుప్పు పట్టదు, అయస్కాంతానికి అంటదు, చాలామందిలో జీవితాంతం ఏ ఇబ్బందీ కలిగించకుండా ఉండిపోతుంది. అయినా రెండు లోపాలున్నాయి. సి.టి. స్కాన్‌లో లోహం చుట్టూ చారలు పడి చిత్రం స్పష్టత తగ్గుతుంది. అరుదుగా క్లిప్పు తన స్థానం నుంచి జరిగి పైత్యరస నాళంలోకి చేరుతుంది. అక్కడ దాని చుట్టూ కొత్త రాయి పెరుగుతుంది. కరిగిపోయే క్లిప్పు కావాలనడానికి కారణం ఇదే.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోండి. క్లిప్పు ఆలస్యంగా కరిగితే కలిగే నష్టం అరుదైనది, నెమ్మదిగా వచ్చేది. ముందుగా వదులైతే కలిగే నష్టం వెంటనే వచ్చేది, ప్రాణాంతకం కూడా కావచ్చు. ధమని నుంచి రక్తస్రావం కావచ్చు, లేదా పైత్యరసం పొట్టలోకి కారవచ్చు. ఈ రెండు నష్టాలు సమానం కావు. కాబట్టి ఏ వైపు తప్పినా ఫరవాలేదు అనుకునే వీలు లేదు. అనుమానం ఉన్నచోట రూపకర్త 'ఇంకొంతకాలం నిలవనీ' అన్న వైపే మొగ్గాలి.

9.3 మూడు కాలాలు

కరిగే క్లిప్పు రూపకల్పనలో మూడు కాలాలను వేరుగా గుర్తించాలి.

(అ) మానే కాలం: నాళం దానంతట అది మూసుకుని గట్టిపడటానికి పట్టే సమయం.
(ఆ) పట్టు కాలం: క్లిప్పు తగినంత బలంతో నొక్కి ఉంచే సమయం.
(ఇ) కరిగే కాలం: క్లిప్పు పదార్థం శరీరం నుంచి పూర్తిగా వెళ్లిపోవడానికి పట్టే సమయం.

పట్టు కాలం మానే కాలం కన్నా తగినంత ఎక్కువగా ఉండాలి. మధుమేహం, పోషకాహార లోపం ఉన్నవారిలో గాయాలు ఆలస్యంగా మానుతాయి కనుక ఈ అదనపు గడువు తప్పనిసరి. కరిగే కాలం పట్టు కాలం కన్నా ఎప్పుడూ పెద్దదే. ఆ రెండింటి మధ్య గడువులో బలం లేని అవశేషం మాత్రమే లోపల ఉంటుంది.

9.4 బలం అంటే ఏమిటి?

క్లిప్పు అనగానే చాలా బలమైన లోహం కావాలనిపిస్తుంది. లెక్క వేసి చూద్దాం. ధమనిలో రక్తపీడనం 120 మిల్లీమీటర్ల పాదరసం అనుకుంటే అది సుమారు 16 కిలోపాస్కల్, అంటే చదరపు మిల్లీమీటరుకు 0.016 న్యూటన్. 2 మిల్లీమీటర్ల వ్యాసం గల నాళాన్ని చదునుగా నొక్కితే దాని వెడల్పు సుమారు 3.1 మిల్లీమీటర్లు. క్లిప్పు దవడ వెడల్పు 1 మిల్లీమీటరు అయితే పీడనం పనిచేసే వైశాల్యం 3.1 చదరపు మిల్లీమీటర్లు. బలం 0.05 న్యూటన్లు, అంటే దాదాపు 5 గ్రాముల బరువు. పది రెట్ల భద్రతా గుణకం తీసుకున్నా 50 గ్రాములే.

మరి చిక్కు ఎక్కడుంది? క్లిప్పు విరగడంలో కన్నా జారడంలో, తెరుచుకోవడంలో ఉంది. తడిగా, మెత్తగా ఉన్న కణజాలం మీద అది ఘర్షణతో నిలవాలి. కణజాలం వాచి మళ్లీ తగ్గినా పట్టు వదలకూడదు. మరీ గట్టిగా నొక్కితే కణజాలానికి రక్తం అందక చచ్చిపోతుంది, క్లిప్పు నాళాన్నే కోసేయవచ్చు. 2011లో అమెరికా ఆహార, ఔషధ పరిపాలన సంస్థ ఒక రకం లాకింగ్ పాలిమర్ క్లిప్పులను జీవించి ఉన్న మూత్రపిండ దాతల మూత్రపిండ ధమనిపై వాడవద్దని హెచ్చరించింది. దాతల మరణాలు ఆ హెచ్చరికకు కారణం. అవి కరిగే క్లిప్పులు కూడా కావు. అయినా పొట్టిగా మిగిలిన ధమని కొన మీద పట్టు నిలవకపోతే ఏమవుతుందో అది చూపింది.

క్లిప్పు నొక్కిన తర్వాత ఎంత వెనక్కి తెరుచుకుంటుందో అంచనా వేయడానికి ఒక సులభమైన నిష్పత్తి ఉంది. అది లొంగుబాటు ప్రతిబలాన్ని యంగ్ గుణకంతో భాగిస్తే వచ్చే విలువ. టైటానియంకు ఇది సుమారు 0.2 శాతం. లొంగుబాటు ప్రతిబలం 150 మెగాపాస్కల్, యంగ్ గుణకం 45 గిగాపాస్కల్ ఉన్న మెగ్నీషియం మిశ్రమలోహానికి 0.33 శాతం. 50 మెగాపాస్కల్, 2 గిగాపాస్కల్ విలువలున్న పాలిమర్‌కు 2.5 శాతం. అందుకే లోహపు క్లిప్పును ఊరికే వంచితే చాలు. పాలిమర్ క్లిప్పు స్ప్రింగులా వెనక్కి వస్తుంది కాబట్టి దానికి మడత, కొక్కెం తప్పనిసరి. పదార్థం మారితే ఆకారం కూడా మారాలని దీన్ని బట్టి తెలుస్తుంది.

9.5 భద్రత అంటే ఏమిటి?

కరిగిన పదార్థం ఎక్కడికో పోవాలి. అందువల్ల భద్రత గురించి మూడు ప్రశ్నలు వేయాలి: ఏమి విడుదలవుతుంది? ఎంత వేగంగా? శరీరం దాన్ని ఏ దారిన బయటకు పంపుతుంది?

మెగ్నీషియం విషయం చూడండి. దీని చరిత్ర పాతది. 1878లో ఎడ్వర్డ్ హ్యూస్ అనే వైద్యుడు రక్తస్రావాన్ని ఆపడానికి మెగ్నీషియం తీగతో నాళాలను కట్టాడు. 1907లో లాంబోట్ విరిగిన కాలి ఎముకకు మెగ్నీషియం పలక, ఉక్కు మేకులు వాడాడు. ఎనిమిది రోజుల్లోనే పలక శిథిలమైంది, చర్మం కింద వాయువు నిండింది. మెగ్నీషియం, ఉక్కు ఒకే ద్రవంలో తాకుతూ ఉంటే అది చిన్న బ్యాటరీ అవుతుంది. ఉక్కు నిలుస్తుంది, మెగ్నీషియం వేగంగా కరుగుతుంది. నేటి రూపకర్తకు కూడా ఈ హెచ్చరిక వర్తిస్తుంది. మెగ్నీషియం క్లిప్పు పక్కన టైటానియం క్లిప్పు తాకుతూ ఉండకూడదు.

ఆ వాయువు హైడ్రోజన్:

మెగ్నీషియం + నీరు → మెగ్నీషియం హైడ్రాక్సైడ్ + హైడ్రోజన్

24.3 గ్రాముల మెగ్నీషియం ఒక మోల్ హైడ్రోజన్‌ను ఇస్తుంది. శరీర ఉష్ణోగ్రత వద్ద దాని ఘనపరిమాణం సుమారు 25 లీటర్లు. అంటే 1 మిల్లీగ్రాము మెగ్నీషియానికి దాదాపు 1 మిల్లీలీటరు వాయువు. మెగ్నీషియం విషపదార్థమా అంటే కాదు. పెద్దవారి శరీరంలో దాదాపు 25 గ్రాములు ఉంటుంది. రోజూ ఆహారంలో 300–400 మిల్లీగ్రాములు కావాలి. కాబట్టి 10 మిల్లీగ్రాముల క్లిప్పులో భయపడవలసింది మెగ్నీషియం మోతాదు గురించి కాదు, వాయువు వెలువడే వేగం గురించి.

9.6 సాధించిన ఉదాహరణ: క్షయ వేగాన్ని నిర్ణయించడం

సమస్య: 10 మిల్లీమీటర్ల పొడవు, 1 మిల్లీమీటరు వెడల్పు, 0.6 మిల్లీమీటర్ల మందం గల మెగ్నీషియం పట్టీతో క్లిప్పు చేశారు. మానే కాలం 3 వారాలు అనుకోండి. పట్టు కాలం దానికి రెండింతలు, అంటే 6 వారాలు కావాలి. అనుమతించదగిన క్షయ వేగం ఎంత?

సాధన: వంపును నిరోధించే దృఢత్వం మందం ఘనానికి అనులోమానుపాతంలో ఉంటుంది. మందం 20 శాతం తగ్గితే మిగిలే దృఢత్వం 0.8 × 0.8 × 0.8 = 0.512, అంటే దాదాపు సగం. సగం దృఢత్వాన్ని కనీస హద్దుగా తీసుకుందాం. 0.6 మిల్లీమీటర్లలో 20 శాతం 0.12 మిల్లీమీటర్లు. క్షయం రెండు వైపులా జరుగుతుంది కనుక ఒక్కో వైపు 0.06 మిల్లీమీటర్లు. ఇది 6 వారాల్లో జరగాలంటే వేగం వారానికి 0.01, ఏడాదికి సుమారు 0.5 మిల్లీమీటర్లు.

ఈ వేగంతో మొత్తం మందం కరగడానికి 30 వారాలు పడుతుంది. క్లిప్పు ఘనపరిమాణం 6 ఘన మిల్లీమీటర్లు, సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.74 గ్రాములు కనుక ద్రవ్యరాశి సుమారు 10 మిల్లీగ్రాములు. 10 మిల్లీలీటర్ల హైడ్రోజన్ 210 రోజుల్లో వెలువడితే రోజుకు 0.05 మిల్లీలీటరు. అదే క్లిప్పు పది రోజుల్లో కరిగితే రోజుకు 1 మిల్లీలీటరు, ఇరవై రెట్లు ఎక్కువ.

ఫలితాన్ని గమనించండి. వేగం పెరిగితే పట్టు త్వరగా పోతుంది, వాయువు కూడా ఎక్కువవుతుంది. అంటే బలం, భద్రత త్రాసులోని రెండు పళ్లెాలు కావు. ఒకదాన్ని తగ్గించి మరొకదాన్ని పెంచే బేరం ఇక్కడ లేదు. రెండూ క్షయ వేగం అనే ఒకే సంఖ్య మీద ఆధారపడి ఉన్నాయి.

9.7 పదార్థాల పోలిక

పాలిమర్లు: గ్లైకాలిక్, లాక్టిక్ ఆమ్లాల నుంచి తయారయ్యే పాలిమర్లు నీటితో జలవిశ్లేషణ చెందుతాయి. నీరు లోపలికంతా ఇంకి గొలుసులను తెంచుతుంది కనుక బరువు తగ్గకముందే బలం తగ్గుతుంది. కరిగే కుట్లలో వాడే పాలిగ్లాక్టిన్ 910 దారం రెండు వారాలకు 75 శాతం, మూడు వారాలకు 50 శాతం బలాన్ని నిలుపుకుంటుంది. పూర్తిగా శోషణ చెందడానికి 56–70 రోజులు పడుతుంది. పాలిడయాక్సనోన్ నాలుగు వారాలకు దాదాపు సగం బలంతో ఉండి, సుమారు ఆరు నెలల్లో పోతుంది. ఈ పదార్థాలకు తేమ శత్రువు. ఆవిరితో క్రిమిరహితం చేస్తే పాడవుతాయి. వానాకాలపు గాలి తగలకుండా తేమ చొరని సంచిలో భద్రపరచాలి.

మెగ్నీషియం: తేలిక, కరగడం సులభం. కాని ఇనుము, నికెల్, రాగి మలినాలు అతి స్వల్పంగా ఉన్నా క్షయ వేగం ఎన్నో రెట్లు పెరుగుతుంది. శుద్ధత ఇక్కడ నాణ్యతకు అలంకారం కాదు, భద్రతలో భాగం.

జింక్: కరిగే వేగం మెగ్నీషియం, ఇనుములకు మధ్యస్థంగా ఉంటుంది. శుద్ధ జింక్ మెత్తనిది కనుక ఇతర మూలకాలు కలిపి గట్టిపరచాలి.

ఇనుము: బలమైనది, బాగా వంగుతుంది. కాని మరీ నెమ్మదిగా కరుగుతుంది, అయస్కాంతానికి అంటుకుంటుంది. ఎం.ఆర్.ఐ. స్కాన్‌కు ఇది అడ్డంకి. దీనికి ఒక పరిష్కారాన్ని హైదరాబాద్‌లోనే వెతికారు.

9.8 బాలాపూర్ నుంచి ఒక ఉదాహరణ

లాల్‌దర్వాజా నుంచి ఆగ్నేయ దిశగా బయలుదేరితే కొద్ది కిలోమీటర్ల దూరంలో రక్షణ పరిశోధనశాలలున్న కంచన్‌బాగ్, ఆ తర్వాత బాలాపూర్ వస్తాయి. రక్షణ శాస్త్రవేత్త ఎ.పి.జె. అబ్దుల్ కలాం, హృద్రోగ నిపుణులు డాక్టర్ బి. సోమరాజు కలిసి 1990లలో తక్కువ ధర 'కలాం–రాజు స్టెంట్'ను రూపొందించింది హైదరాబాద్‌లోనే. అది శరీరంలో శాశ్వతంగా ఉండే లోహపు స్టెంట్.

బాలాపూర్‌లో ఎ.ఆర్.సి.ఐ. ఉంది. ఇది పౌడర్ మెటలర్జీ, నూతన పదార్థాలపై పరిశోధన చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థతో కలిసి ఇక్కడి శాస్త్రవేత్తలు ఇనుము–మాంగనీస్ మిశ్రమలోహాలను తయారుచేశారు. మాంగనీస్ 29 శాతం మించితే ఇనుము స్ఫటిక నిర్మాణం మారి అయస్కాంత గుణం పోతుంది. 20 టెస్లాల బలమైన అయస్కాంత క్షేత్రంలో కూడా ఈ లోహం అయస్కాంతంగా ప్రవర్తించలేదు. కృత్రిమ శరీర ద్రవంలో దీని క్షయ వేగం ఏడాదికి 0.026 నుంచి 0.14 మిల్లీమీటర్లు. 3–6 నెలలు బలం నిలిచి, 12–24 నెలల్లో పూర్తిగా కరిగిపోతుందని అంచనా. దీనితో 2 మిల్లీమీటర్ల వ్యాసం, 12 మిల్లీమీటర్ల పొడవు, 175 మైక్రోమీటర్ల గోడ మందం గల స్టెంట్‌ను రూపొందించారు.

ఇది స్టెంట్, క్లిప్పు కాదు. అయినా మన మూడు కాలాల పట్టికలో దీన్ని పెట్టి చూడవచ్చు. మూడు వారాల మానే కాలానికి 3–6 నెలల పట్టు ధారాళంగా సరిపోతుంది. 9.2లో చెప్పిన మొగ్గుకు ఇది అనుకూలం.

ఇక భద్రత. 9.6లోని కొలతలతోనే ఈ లోహంతో క్లిప్పు చేస్తే బరువు దాదాపు 46 మిల్లీగ్రాములు, అందులో మాంగనీస్ సుమారు 13 మిల్లీగ్రాములు. ఏడాదిలో కరిగితే రోజుకు 0.04 మిల్లీగ్రాము కన్నా తక్కువే. ఆహారంలో రోజుకు సుమారు 2 మిల్లీగ్రాములు తింటాం కదా, భయమేమిటి అనిపిస్తుంది. కాని ఈ పోలిక సరికాదు. తిన్న మాంగనీస్‌లో పేగులు పీల్చుకునేది కొద్ది శాతమే. క్లిప్పు నుంచి వచ్చేది పేగులనే వడపోత లేకుండా నేరుగా కణజాలంలోకి చేరుతుంది. పీల్చుకున్న మొత్తంతో పోలిస్తే రెండు సంఖ్యలూ దాదాపు ఒకే స్థాయిలో ఉంటాయి. పైగా శరీరం మాంగనీస్‌ను ప్రధానంగా పైత్యరసం ద్వారా బయటకు పంపుతుంది. పైత్యరస నాళం మూసుకుపోయిన రోగిలో ఆ దారే ఉండదు. మాంగనీస్ పేరుకుపోతే నాడీవ్యవస్థకు హాని. అదే విధంగా మెగ్నీషియాన్ని బయటకు పంపేవి మూత్రపిండాలు. కాబట్టి 'ఈ పదార్థం సురక్షితమా?' అని కాక, 'ఈ రోగికి, ఈ చోట, ఈ వేగంతో సురక్షితమా?' అని అడగాలి.

9.9 బలహీన స్థలం: వంపు

క్లిప్పు మూసినప్పుడు మధ్య వంపు బయటి అంచు సాగుతుంది. ఆ వికృతి సుమారు మందం ÷ (2 × వంపు వ్యాసార్ధం). మందం 0.6, మధ్యరేఖ వ్యాసార్ధం 1 మిల్లీమీటరు అయితే వికృతి 30 శాతం. చాలా మెగ్నీషియం మిశ్రమలోహాలు ఇంత సాగలేక పగులుతాయి. కంటికి కనబడని పగులులోకి శరీర ద్రవం చేరుతుంది. ప్రతిబలం ఎక్కువున్న చోటే క్షయం కూడా వేగంగా సాగుతుంది. మొదట తెగేది వంపే. అందుకే వంపు దగ్గర మందం తగ్గించడం, వ్యాసార్ధం పెంచడం, లోహాన్ని వేడిచేసి నెమ్మదిగా చల్లార్చి తాంతవత పెంచడం వంటి మార్గాలు అనుసరిస్తారు. మందం తగ్గిస్తే పట్టు కాలం తగ్గుతుంది కనుక 9.6లోని లెక్కను మళ్లీ వేయాలి.

9.10 పరీక్షలు, అనుమతి

కొత్త క్లిప్పు బలాన్ని మూసిన రోజున పరీక్షిస్తే సరిపోదు. 37 డిగ్రీల కృత్రిమ శరీర ద్రవంలో ఉంచి 7, 14, 21, 42 రోజుల తర్వాత కూడా నాళం ఎంత పీడనం వద్ద కారుతుందో కొలవాలి. పాత్రలో కొలిచిన క్షయ వేగం శరీరంలో అలాగే ఉండదు కనుక జంతు పరీక్షలు, ఆ తర్వాత మనుషుల్లో నియంత్రిత పరీక్షలు జరగాలి. మన దేశంలో వైద్య పరికరాల నియమాలు, 2017 పరికరాలను అపాయాన్ని బట్టి ఎ, బి, సి, డి తరగతులుగా విభజిస్తాయి. శరీరంలో శోషణ చెందే ఇంప్లాంట్లు సాధారణంగా అత్యధిక అపాయపు తరగతిలోకి వస్తాయి.

ఈ జాగ్రత్త ఎందుకో 'అబ్జార్బ్' అనే కరిగే పాలిమర్ స్టెంట్ చెబుతుంది. 2016లో అమెరికాలో అనుమతి పొందింది. మరుసటి ఏడాది మార్చిలో, లోహపు స్టెంట్‌తో పోలిస్తే దీనితో తీవ్ర హృద్రోగ ఘటనలు ఎక్కువగా ఉన్నాయని ఔషధ పరిపాలన సంస్థ వైద్యులను హెచ్చరించింది. సెప్టెంబరులో అమ్మకాలు ఆగిపోయాయి. లోహమంత బలం కోసం దాని తీగలను సుమారు 150 మైక్రోమీటర్ల మందంగా చేయవలసి వచ్చింది. ఆ మందమే రక్తప్రవాహానికి అడ్డయిందని నిపుణులు భావించారు. 'కరిగిపోతుంది' అన్న గుణం ఒక్కటే ఒక పరికరాన్ని మెరుగైనదిగా చేయదు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. పాలిమర్ క్లిప్పుకు కొక్కెం ఎందుకు అవసరం?
2. 175 మైక్రోమీటర్ల ఇనుము–మాంగనీస్ గోడ రెండు వైపులా ఏడాదికి 0.14 మిల్లీమీటర్ల చొప్పున కరిగితే ఎంతకాలంలో పోతుంది? 0.026 అయితే?
3. మెగ్నీషియం, టైటానియం క్లిప్పులను ఒకదానికొకటి తాకేలా ఎందుకు పెట్టకూడదు?

9.11 సారాంశం

కరిగే క్లిప్పు తాత్కాలిక ఆధారం. దాని పట్టు కాలం మానే కాలాన్ని తగినంత అదనపు గడువుతో దాటాలి. ముందుగా వదలడం ఆలస్యంగా కరగడం కన్నా చాలా ప్రమాదకరం. నాళంలోని పీడనం చిన్నదే, అసలు సమస్య జారడం, తెరుచుకోవడం, వంపు వద్ద పగలడం. బలం ఎంతకాలం నిలుస్తుంది, విడుదలయ్యే పదార్థాన్ని శరీరం తట్టుకోగలదా అనే రెండు ప్రశ్నలకూ జవాబు క్షయ వేగంలో ఉంది. ఆ వేగాన్ని పదార్థం, శుద్ధత, మందం, ఆకారం కలిసి నిర్ణయిస్తాయి. విడుదలైన పదార్థం బయటకు వెళ్లే దారి రోగిలో పనిచేస్తున్నదో లేదో కూడా చూడాలి.

9.12 పదకోశం

క్షయం: ద్రవంతో చర్య జరిపి లోహం నశించడం.
జలవిశ్లేషణ: నీటితో చర్య వల్ల అణువు విడిపోవడం.
తాంతవత: పగలకుండా సాగే గుణం.
వికృతి: పొడవులో వచ్చే మార్పుకు, అసలు పొడవుకు గల నిష్పత్తి.
ప్రతిబలం: ప్రమాణ వైశాల్యంపై పనిచేసే అంతర్గత బలం.

9.13 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. కరిగే క్లిప్పు రూపకల్పనలో బలం, భద్రత రెండూ క్షయ వేగంపై ఎలా ఆధారపడతాయో సోదాహరణంగా వివరించండి.
2. కరిగే లోహాలను, పాలిమర్లను పోల్చండి.

II. క్రింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. బాలాపూర్‌లో రూపొందించిన ఇనుము–మాంగనీస్ మిశ్రమలోహం లక్షణాలు రాయండి.
2. మూత్రపిండ వ్యాధిగ్రస్తుడికి మెగ్నీషియం క్లిప్పు వాడే ముందు ఏమి ఆలోచించాలి?

మీ ప్రగతిని సమీక్షించుకోండి – సమాధానాలు

1. పాలిమర్ నొక్కిన తర్వాత ఎక్కువగా వెనక్కి తెరుచుకుంటుంది (సుమారు 2.5 శాతం).
2. సుమారు ఏడున్నర నెలలు, సుమారు మూడేళ్ల నాలుగు నెలలు. సంస్థ చెప్పిన 12–24 నెలలు ఈ రెండు హద్దుల మధ్యే ఉన్నాయి.
3. రెండు లోహాలు శరీర ద్రవంలో బ్యాటరీగా మారి మెగ్నీషియం వేగంగా కరుగుతుంది. పట్టు కాలం తగ్గుతుంది.